నిధి వేట చీటీలో ప్రశ్న కాదు, చేతికి పని ఉండాలి

ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు, సెలవుల్లో ఇంట్లోనే నిధి వేట ఆడించాలి, కాస్త నేర్చుకునేలా కూడా ఉండాలి, ఎలా అని అడిగారు. మా ఇద్దరు పిల్లలదీ దాదాపు ఇదే వయసు. చాలాసార్లు ఆడించాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

నిధి వేటలో ఒక్కో చీటీ తర్వాతి చీటీ దాచిన చోటు చెప్తుంది, చివరిది నిధి దగ్గరికి చేరుస్తుంది. మొదటిసారి ఆ చీటీల నిండా ఎక్కాలు, స్పెల్లింగులు రాశాను. మూడో చీటీకే మావాడు "అమ్మా, ఇది పరీక్షా?" అని కూర్చుండిపోయాడు. చిన్నది అన్నయ్య వెనకాల పరిగెత్తలేక ఒకటే ఏడుపు. అప్పటి నుంచి చీటీలో ఏదో ఒక పని పెడుతున్నాను.

మా ఇంట్లో అందరికీ ఇష్టమైనది పసుపు చీటీ. బట్టల సబ్బును కొద్ది నీళ్లలో చిక్కగా కరిగించి, ఇయర్‌బడ్‌తో తెల్లకాగితం మీద "బియ్యం డబ్బా" అని రాసి ఆరబెట్టండి. ఆరాక అక్షరాలు దాదాపు కనపడవు. పిల్లలకు ఆ కాగితం, పసుపు నీళ్లు, దూది ఇవ్వండి. పూయగానే అక్షరాలు ఎర్రగా తేలతాయి. పసుపుకు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు రుద్దితే ఎర్రబడేదీ అందుకే. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే. మావాడు వేట సంగతి మర్చిపోయి మజ్జిగ, చింతపండు రసం, వంటసోడా అన్నీ పోసి చూశాడు. నేను ఆపలేదు, నిధి ఎక్కడికీ పోదు కదా!

చదవడం రాని చిన్నదానికి పొడుపు కథ చెవిలో చెప్తాను. "నల్ల కుక్కకు నాలుగు చెవులు" అంటే లవంగం, కాబట్టి మసాలా దినుసుల డబ్బా తెరవాలి. లవంగాన్ని అరచేతిలో పెట్టుకుని నిజంగానే నాలుగు చెవులు లెక్కపెట్టింది. "పొట్టలో వేలు, నెత్తి మీద రాయి" అంటే ఉంగరం. దానికోసం అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తితే, ఆవిడ ఇంకో రెండు పొడుపు కథలు విప్పించుకుని గానీ చీటీ ఇవ్వలేదు.

పెద్దవాడికి కొలతలు పెట్టండి. "గుమ్మం నుంచి నేరుగా 240 సెంటీమీటర్లు, అక్కడి నుంచి ఎడమకు 90" అని రాసి టైలర్ టేపు చేతికివ్వండి. టేపు 150 సెంటీమీటర్లే ఉంటుంది, మిగతా 90 ఎలా కొలవాలో వాడే ఆలోచించుకుంటాడు.

ఇద్దరూ కలిసి ఆడాలంటే ఒక చీటీని రెండు ముక్కలు చేయండి. బొమ్మ ఉన్న ముక్క పాపకు, అక్షరాలున్న ముక్క బాబుకు. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు వెళ్లలేరు. మా ఇంట్లో ఏడుపులు ఆగింది దీనివల్లే.

ముందు నిధి దాచి, చివరి చీటీ నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. ఐదారు చీటీలు చాలు. ఎక్కడ ఏది పెట్టారో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, లేకపోతే మధ్యలో టెన్షన్. స్టవ్, స్విచ్ బోర్డులు, మందుల అర దగ్గర ఏమీ ఉండదని ఆట మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పండి. నిధి ఖరీదైనది కానక్కర్లేదు, ఆరు వేరుశనగ ఉండలకే మావాళ్లు గెంతులేశారు.

పసుపు చీటీ పెట్టిన రోజు మాత్రం పాత బట్టలు వేసి, కింద న్యూస్‌పేపర్ పరవండి.