మేనకోడలికి: తొట్లె సంగతి తర్వాత, ముందు ఈ సూది సంగతి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఏడో నెల నడుస్తోందట, తొమ్మిదో నెల పడగానే హైదరాబాద్ నుంచి దేవరకొండ వస్తావట, కాన్పు సర్కారు దవాఖానలోనే కావాలని నువ్వే గట్టిగా పట్టుబట్టావట. ఆ మాట వినగానే నా కడుపు నిండింది. ఉద్యోగమంతా సర్కారు సూదులు వేస్తూ ఊళ్లు తిరిగిన దాన్ని, మా ఇంటి ఆడబిడ్డ ఆ దవాఖానను నమ్ముకొని వస్తానంటే నాకంటే సంతోషపడేది ఎవరు? కానీ ఆ తర్వాత చెప్పిన మాటతో నిద్ర పట్టలేదు. ఇరవై ఒకటో రోజు తొట్లె, అదే బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టే వేడుక, ఫంక్షన్ హాల్లో చేస్తారట, నాలుగు వందల మందిని పిలుస్తారట. అందుకే తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నా. పొడుగవుతుంది, అయినా మొత్తం చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

అన్నింటికంటే తొందర పని ముందు చెప్తా. నీ ఎంసీపీ కార్డు, అదే దవాఖానలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు, తీసి చూడు. గర్భిణి టీకాల దగ్గర టీడీ అని రెండు సూదులు రాసి ఉంటాయి. మీ అమ్మ కాలంలో దీని బదులు ధనుర్వాతానికి ఒక్కదానికే టీటీ వేసేవాళ్లం. టీడీలో ధనుర్వాతానికి, డిఫ్తీరియాకు మందు ఉంటుంది, అంతే. కోరింత దగ్గుకు ఉండదు. చాలామంది నర్సులే టీడీ, టీడ్యాప్ రెండూ ఒకటే అనుకుంటారు, నువ్వు అనుకోకు. కోరింత దగ్గుకు కూడా కలిపి ఉన్న సూదిని టీడ్యాప్ అంటారు. అది మన పీహెచ్‌సీలో ఇవ్వరు, ప్రైవేటులో ఆడవాళ్ల డాక్టర్ దగ్గర వేయించుకోవాలి, వెయ్యి రూపాయల పైనే అవుతుంది. 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. నీకు ఇప్పుడు 28వ వారం. అంటే ఇదే సరైన సమయం. సూది పడ్డాక నీ ఒంట్లో జబ్బును ఎదిరించే శక్తి తయారు కావడానికి రెండు వారాలు పడుతుంది, అది మాయ గుండా లోపలి బిడ్డకు చేరాలి, కాన్పు ముందే అయిందంటే ఆ టైం దొరకదు. అందుకే తొమ్మిదో నెలలో చూద్దాంలే అనకు. రెండో కాన్పుకు మళ్లీ వేయించుకోవాలి, మొదటిసారి వేసుకున్నాం కదా అంటే చాలదు.

ఒక సూది కోసం అత్త ఇంత చెప్తుందేమిటి అనుకుంటావు. నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

1994, మీ అన్న పుట్టిన ఏడు. సర్కారు సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైతే, ఆ కొత్తలోనే నేను ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సుగా, అంటే ఏఎన్‌ఎంగా చేరాను. అప్పుడు నాకు చందంపేట దిక్కు తండాల్లో డ్యూటీ. భుజానికి ఐస్ డబ్బా తగిలించుకొని, బస్సు దిగి నడిచి పోయేదాన్ని. ఆ చలికాలం ఒక తండాలో పిల్లలకు కోరింత దగ్గు తగిలింది. కోరింత దగ్గుకూ కలిపి వేసే ట్రిపుల్ సూదులు పడని పిల్లలు, ఇంటికొకరు దగ్గుతున్నారు. ఆ దగ్గు ఒకసారి వింటే మరచిపోలేం బిడ్డా. ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి పది పదిహేను దగ్గులు, ముఖం ఎర్రగా కమిలిపోయి, చివరికి కూత పెట్టినట్టు గాలి లోపలికి లాగుతారు, వెంటనే వాంతి. వారం రోజులు వాళ్ల మధ్యే ఉన్నాను, ఒళ్లో కూర్చోబెట్టుకొని మందు తాగించాను.

తర్వాత నాకు జలుబు చేసింది, ఆ వెనకే దగ్గు. పగలంతా బాగానే ఉండేది, రాత్రి పడుకోగానే తెరలు తెరలుగా వచ్చేది. కూత లేదు, జ్వరం లేదు. పత్తి ఏరే రోజులు, ఎవరింటికి పోయినా దూది దుమ్ము, దానివల్లే అనుకున్నాను. నాకు చిన్నప్పుడే కోరింత దగ్గు వచ్చి పోయింది, మళ్లీ రాదులే అనే ధీమా కూడా ఉండేది. అదే నేను చేసిన తప్పు. ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయినా, సూది వేసుకున్నా, కొన్నేళ్లకు ఆ శక్తి తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు మామూలు దగ్గులాగే వచ్చి వారాల తరబడి ఉంటుంది, పనులు చేసుకుంటూ తిరుగుతూనే ఉంటాం, చుట్టుపక్కల వాళ్లకు అంటిస్తూనే ఉంటాం.

ఆ దగ్గుతోనే మీ అన్న తొట్లెకు సెలవు పెట్టి వచ్చాను. మేనత్తను కదా, తొట్లెలో వేసింది నేనే. ముఖానికి ముఖం ఆనించి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది నేనే. మీ అమ్మకు తల్లి లేదని పురుడు మన ఇంట్లోనే పోశాం కదా, సాయంగా నేను పక్షం రోజులు అక్కడే ఉండిపోయాను.

పది పన్నెండు రోజులు పోయాక పిల్లగాడికి ముక్కు కారింది, పాలు సరిగా తాగలేదు. వాడు దగ్గలేదు బిడ్డా. నాకు ఇప్పటికీ ఉన్న బుగులు అదే. రాత్రి మీ అమ్మ ఒళ్లో పాలు తాగుతూ తాగుతూ వదిలేశాడు. లాంతరు దగ్గరికి తెచ్చి చూస్తే పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి, ఛాతీ కదలడం లేదు. అరికాలి మీద వేలితో కొట్టాను, వీపు రాశాను, ఎంతసేపో తెలియదు, ఒక్కసారి కెవ్వుమన్నాడు. పొద్దున పక్కింటామె చిన్న గ్లాసులో గాడిద పాలు తెచ్చింది. అవి వద్దన్నానే గానీ, జలుబే తగ్గుతుందని నేనే అందరికీ ధైర్యం చెప్పి ఆ పగలంతా పోగొట్టాను. చీకటి పడ్డాక మళ్లీ అట్లాగే అయింది. అప్పుడు జీపు మాట్లాడుకొని బయలుదేరాం. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం, ఊరు దాటినప్పుడల్లా మీ నాన్న వెనక్కి తిరిగి చూసేవాడు, నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఉంది అని తల ఊపేదాన్ని.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ వాడిని చూసి అడిగిన మొదటి మాట, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా దగ్గుతున్నారా అని. ఎవరూ నోరు తెరవలేదు. నాకు అప్పుడే దగ్గు తెర వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమె నా వైపు చూసింది, మీ అమ్మ కూడా చూసింది. పంతొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద, మందుల మీద ఉంచి బతికించారు. పక్క మంచం మీది పసిగుడ్డు బతకలేదు. మీ అమ్మ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అనలేదనే నేను మరచిపోలేకపోతున్నా.

అందుకే చెప్తున్నా, కోరింత దగ్గుతో కలిపి ఐదు జబ్బులకు వేసే పెంటావాలెంట్ సూది నీ బిడ్డకు మొదటిసారి పడేది ఆరు వారాలకు. అది పడ్డంత మాత్రాన పూర్తి రక్షణ రాదు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు కూడా పడాలి. అప్పటిదాకా పిల్లకు ఉండేది తను కడుపులో ఉండగా నువ్వు ఇచ్చిన శక్తే.

ఇంట్లో వాళ్ల సంగతి. అల్లుడు, మీ అమ్మ, మీ అత్తగారు, పిల్లను ఎత్తుకునే వాళ్లంతా కాన్పుకు రెండు వారాల ముందే డాక్టర్‌ను అడిగి టీడ్యాప్ వేయించుకుంటే మంచిది. నేను పోయిన నెలలోనే వేయించుకున్నా. వీళ్లలో ఎవరికి దగ్గు ఉన్నా, దుమ్ముకే అన్నా, పొగకే అన్నా, నమ్మకు. గదిలోకి రానివ్వకు. పెద్దవాళ్లను ఎట్లా ఆపాలి అని మొహమాటపడతావేమో, నా పేరు చెప్పు, అత్త ఒట్టు పెట్టింది అను, ఎవరికి కోపం వచ్చినా నా మీదికే రానియ్యి.

తొట్లె ఇరవై ఒకటో రోజునే చేయండి, వద్దనను, ఇంటి మనుషులు పదిమందితో చేయండి. నాలుగు వందల మంది భోజనం మూడు సూదులూ పడ్డాక, అన్నప్రాసన నాడు పెట్టుకోండి. అంతమందిలో ప్రతి ఒక్కరూ పిల్ల బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకుంటారు. నీకు ఇంత చదువు చెప్పించింది ఆ హాలు లైట్ల కోసమా? కోపంగా రాస్తున్నానని అనుకోకు, నీకు జడలు వేసిన చేతులివి.

మిగతావి నీకు తెలిసినవే. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ సూది దవాఖానలోనే వేయించుకొని రా. ముర్రుపాలు పారబోయకు. బుధవారం, శనివారం టీకాల రోజులు, ఆశా కార్యకర్త పిలిచేదాకా ఆగకు. పెంటావాలెంట్ తర్వాత జ్వరం రావచ్చు, తొడ గట్టిపడొచ్చు, వాళ్లు చెప్పినంత పారాసిటమాల్ చుక్కలు వెయ్యి, రుద్దకు, పసుపు పెట్టకు. ఏడ్చిందని తర్వాతి సూది మానేవాళ్లను ఎంతమందిని చూశానో. పదహారు నెలల నుంచి రెండేళ్లలోపు ఒక బూస్టర్, అంటే ఆ శక్తి తగ్గకుండా మళ్లీ వేసే సూది, ఐదేళ్లు దాటాక ఇంకొకటి.

ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకో. పసిపిల్ల పాలు తాగుతూ ఊపిరి ఆపినా, పెదవులు నీలం తిరిగినా, దగ్గి దగ్గి వాంతి చేసుకున్నా, తెల్లారనీ అనకుండా 108కి ఫోన్ చెయ్యి. డాక్టర్ అడగకపోయినా ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో నువ్వే చెప్పు, ఈ జబ్బుకు యాంటీబయాటిక్ ఎంత ముందు పడితే అంత మంచిది. తేనె నాకించకు, ఏడాది లోపు అసలు వద్దు. వసకొమ్ము, గాడిద పాలు, ఎవరు తెచ్చినా దండం పెట్టి పంపించు.

కాన్పు అయ్యాక నేను వస్తా. వచ్చాక వాకిట్లోనే కూర్చుంటా, చేతులు కడుక్కుంటా, ఆ రోజు గొంతులో కాస్త గరగర ఉన్నా కిటికీలోంచే చూసి వెళ్లిపోతా. పేరు చెవిలో ఈసారి మీ అన్నను చెప్పమను. పైలం బిడ్డా. రేపు డాక్టర్ దగ్గరికి పోయి టీడ్యాప్ ఉందా అని అడుగు, ఏమన్నదో రాత్రికి నాకు ఫోన్ చెయ్యి, మేలుకొని ఉంటా.

మీ అత్త