నగలు తాకట్టు పెట్టి కెమెరా కొనకండి

ప్రశ్న: మాది అమలాపురం. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. సగటున నెలకు రూ.32 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు రూ.22 వేలు. చేతిలో రూ.40 వేలున్నాయి. ఈమధ్య ఇండోర్ స్టేడియంలో బ్యాడ్మింటన్ టోర్నమెంట్లకు పిలుస్తున్నారు. నా పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18-55 ఎంఎం లెన్స్‌తో ఫొటోలు చీకటిగా, మసగ్గా వస్తున్నాయి. నా భార్య నగలు ఫైనాన్స్‌లో పెట్టి, రూపాయిన్నర వడ్డీకి రూ.3 లక్షలు తెచ్చి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా కొనవచ్చా?

జవాబు: వద్దు. రూ.3 లక్షలకు రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు రూ.4,500. ఏడాదిలో రూ.54 వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు, మూఢమొస్తే మరీ కష్టం. ఆ నెలల్లోనూ వడ్డీ కట్టాల్సిందే. పని వస్తుందన్న ఆశతో ముందే అప్పు తెచ్చి సామాను కొనడం సొంత పని చేసుకునేవాళ్లలో చాలామంది చేస్తున్న పొరపాటు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మీకు నెలనెలా జీతం రాదు. కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1.32 లక్షలు, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. మీ దగ్గరున్నది రెండు నెలలకూ చాలదు. గోదావరికి వరదొచ్చి లంకల్లో ఫంక్షన్లు వాయిదా పడితే, ఇంట్లో ఎవరినైనా కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఏం చేస్తారు? నగలు అప్పటికే తాకట్టులో ఉంటాయి. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే అది ఈ నెలలోనే తీసుకోండి.

ఇక ఫొటోల సంగతి. లోపం మీ లెన్స్‌లో ఉంది. 55 ఎంఎం దగ్గర దాని అపర్చర్, అంటే వెలుతురు వెళ్లే రంధ్రం, ఎఫ్ 5.6. ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఎఫ్ 1.8 లెన్స్ అంతకు దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. సెకనులో వెయ్యో వంతు (1/1000) షట్టర్‌కు 12,800 ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం, పెంచితే ఫొటో గరుకుగా వస్తుంది) కావాల్సిన హాల్లో 1,600 సరిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి (లెన్స్ కాకుండా కెమెరా) మారితే కలిసొచ్చేది సుమారు ఒక్క స్టాప్, అంటే రెట్టింపు వెలుతురంత. కొన్ని కంపెనీల్లో దాదాపు రూ.10 వేలలో వచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనండి. సైడ్‌లైన్ పక్కన కూర్చుని దగ్గరి ఆటగాడిని, కంటి మీద ఫోకస్ పెట్టి, కంటిన్యువస్ ఆటోఫోకస్‌లో (కదిలే మనిషిని వెంటాడే ఫోకస్) తీయండి. షట్టర్ 1/800 కంటే తగ్గితే రాకెట్ పట్టిన చెయ్యి ఫొటోలో సాగినట్టు మసగ్గా వస్తుంది. కోర్టు పొడవు 13.4 మీటర్లు, అవతలి కొసకు ఈ లెన్స్ అందదు. ఫైనల్స్‌కు దూరాన్ని దగ్గర చేసే 70-200 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ అద్దెకు తెచ్చుకుని, ఆ అద్దెను నిర్వాహకులకిచ్చే కొటేషన్‌లోనే కలపండి.

ఒక ఫ్రేమ్ తెల్లగా, పక్కది పసుపుగా వస్తే కెమెరాను అనుమానించకండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (ఆ మిణుకును తప్పించే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, లేకపోతే వరసగా నాలుగైదు తీసి మంచిది ఎంచుకోండి.

జీరో కాస్ట్ ఈఎంఐ కూడా ఇప్పుడు వద్దు. ఆరు నెలల నిధి నిండాక, టోర్నమెంట్ల డబ్బుతోనే బాడీ కొనండి. కొన్నరోజే దొంగతనానికి, కిందపడి పగలడానికి బీమా చేయించండి. బూజుకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు, మన తేమలో లెన్స్‌ను సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాల్సిందే. బిల్లు మీద బాడీ, లెన్స్ సీరియల్ నంబర్లు విడివిడిగా రాయించుకోండి, క్లెయిమ్ చేసేటప్పుడు అడుగుతారు.