టీచరు ఉద్యోగం వదిలేసిన బ్రిటిష్ నటుడి కథలో మీ అబ్బాయి చెప్పని సగం

ప్రశ్న: మాది తెనాలి. నేను గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. మా అబ్బాయి బీఈడీ రెండో సంవత్సరం. డీఎస్సీకి చదువుతాడనుకుంటే పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తూ, ఇప్పుడు బీఈడీ మధ్యలో ఆపేసి హైదరాబాద్ వెళ్లిపోతానంటున్నాడు. "నాది హీరో మొహం కాదని నాకూ తెలుసు, క్యారెక్టర్ ఆర్టిస్టునవుతా" అంటాడు. పీట్ పాసిల్‌త్వెయిట్ అనే బ్రిటిష్ నటుడు కూడా టీచరేనట, ఉద్యోగం వదిలేసి ఆస్కార్ దాకా వెళ్లాడట. రోజూ ఇదే పాట. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. ఇందులో నిజమెంత? వాడికి నేనేం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. పీట్ టీచరు ట్రైనింగ్ అయినవాడే, కొన్నాళ్లు పిల్లలకు నాటకం నేర్పినవాడే, ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నవాడే. కాకపోతే ఆ బడి వదలడానికీ ఈ నామినేషన్‌కీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా ఉంది. మీ ఇంట్లో ఆ ఇరవై ఏళ్ల ఊసు ఎవరూ ఎత్తినట్టు లేదు.

పేరు మీకు కొత్త కావచ్చు గానీ మనిషిని చూసే ఉంటారు. 1997లో వచ్చిన 'జురాసిక్ పార్క్' రెండో భాగంలో, డబ్బు అక్కర్లేదు, ఒక్క మగ టైరనోసారస్‌ను వేటాడనిస్తే చాలు అనే వేటగాడు అతనే. 'ఇన్‌సెప్షన్'లో మంచం మీద చావుబతుకుల్లో ఉన్న ముసలి కోటీశ్వరుడూ అతనే. మొహం గుర్తుంటుంది, పేరు తెలియదు. క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకు దాదాపుగా ఇదే. మీ అబ్బాయి దీనికి నిజంగా సిద్ధమేనా అని ఒకసారి అడగండి.

1946లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పుట్టాడు. ఫ్యాక్టరీల ఊరు, మామూలు క్యాథలిక్ కుటుంబం. మొదట ఫాదర్ అవుదామని సెమినరీకి కూడా వెళ్లాడు. అది కుదరక టీచరు చదువు పూర్తి చేశాడు. (తర్వాతెప్పుడో 1996లో రోమియో జూలియట్ సినిమాలో ఆ ప్రేమికులకు పెళ్లి చేసే పాద్రీ వేషం ఇతనికే వచ్చింది.) బడి వదిలాక నేరుగా లండన్ వెళ్లి సినిమా ఆఫీసుల చుట్టూ తిరగలేదు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరాడు. మాట, శ్వాస, నడక అన్నీ మొదటినుంచి దిద్దే చోటు అది. ఆ తర్వాత లివర్‌పూల్‌లోని ఎవ్రీమాన్ థియేటర్. 1964లో ఒక పాత ప్రార్థనామందిరంలో మొదలైన నాటకశాల. జూలీ వాల్టర్స్, బిల్ నై, జోనథన్ ప్రైస్ లాంటివాళ్లు 1970లలో అక్కడే రాటుదేలారు. ఇవాళ ముసలివాడు, రేపు దొంగ, ఎల్లుండి రాజు. అసలు చదువంతా అక్కడే అయిందని నా అభిప్రాయం.

మొదట్లోనే ఏజెంటు, ఈ నోరు తిరగని పేరు మార్చుకోమన్నాడు. పీట్ ససేమిరా అన్నాడు. ఈ సంగతి మీ అబ్బాయికి ఎలాగూ తెగ నచ్చుతుంది. కానీ పేరు మార్చుకోని మొండితనం వేరు, పని నేర్చుకోకుండా వెళ్లే మొండితనం వేరు. రెండోది అతని దగ్గర లేదు.

సినిమాల్లో అతన్ని నలుగురూ పట్టించుకున్నది 1988లో, 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్' వచ్చినప్పుడు. భార్యను, పిల్లల్ని కొట్టే తండ్రి వేషం. అప్పటికి 42 ఏళ్లు. 1993లో 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్'. బాంబు కేసులో అన్యాయంగా ఇరికించిన ఐరిష్ కుర్రాడి కథ, నిజంగా జరిగిందే. కొడుకుగా డేనియల్ డే లూయిస్, తండ్రి జుసెపీ కాన్లన్‌గా పీట్. ఒక్క లెక్క చూడండి: ఆ 'తండ్రి'కీ 'కొడుకు'కీ నిజజీవితంలో తేడా పదకొండేళ్లే. సినిమా చూస్తున్నంతసేపూ ఆ అనుమానమే రాదు. భుజాలు కాస్త ముందుకు వంచాడు, దగ్గు ఆపుకుంటూ మాట్లాడాడు, గొంతు పెద్దగా పెంచలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నెమ్మదిగా లోపలికొచ్చే మన పెద్దాయనల్లో ఒకడనిపిస్తాడు. ఉత్తమ సహాయనటుడి నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం 'ది ఫ్యుజిటివ్'కి గాను టామీ లీ జోన్స్ పట్టుకెళ్లాడు.

రెండేళ్లు తిరక్కుండా 1995లో 'ది యూజువల్ సస్పెక్ట్స్'. పేరు కొబయాషి, జపాన్ పేరు. మనిషి జపాన్ వాడు కాదు, యాస ఏ దేశానిదో పోల్చుకోలేం. అయిదుగురు కరుడుగట్టిన నేరగాళ్ల ముందు నిలబడి, ఒక్కొక్కడి చిట్టా ఉన్న కాగితాలు వాళ్లకే అందిస్తాడు. బ్యాంకులో పాస్‌బుక్ అందించినంత మర్యాదగా! చూసేవాళ్లకు భయం పుట్టేది ఆ మర్యాదకే. జుసెపీనీ, ఇతన్నీ పక్కపక్కన పెట్టి ఇద్దరూ ఒక్కరేనంటే నమ్మబుద్ధి కాదు.

స్పీల్‌బర్గ్ ఇతన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడన్నాడని చెప్పుకుంటారు. దానికి పీట్ జవాబేమిటంటే, "ఆయన అన్నది అది కాదు, నేను ప్రపంచంలోకెల్లా గొప్ప నటుణ్ని అని నేనే అనుకుంటున్నానని అన్నాడు" అని. నలభై దాటాక పేరు వచ్చినవాళ్లకే ఇలాంటి చమత్కారం ఉంటుందేమో.

ఇక మన సంగతి. బ్రిటన్‌లో అప్పట్లో ఊరూరా ప్రభుత్వ గ్రాంటుతో నడిచే నాటకశాలలు ఉండేవి. నటుడికి వారం వారం జీతం, వెనక ఈక్విటీ అనే యూనియన్. జీతం కొద్దిదే అయినా, వేషం వేసుకుంటూ బతకొచ్చు. మన పరిషత్తుల్లో అది లేదు. బహుమతి, శాలువా, బస్సు ఛార్జీలు వస్తే అదే పదివేలు. అందుకే మనవాళ్లు ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడారు. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూనే రంగస్థలం మీద ఆరితేరారు. పీట్ దారిలో వెళ్లాలన్నా, కోటగారి దారిలో వెళ్లాలన్నా, ఇవాళ్టికి మీ అబ్బాయి చేతిలో ఉన్న మంచి ఆయుధం ఆ బీఈడీయే. అందులో నాకు రెండో ఆలోచన లేదు. ముందు అది పూర్తి చెయ్యమనండి.

ఆ తర్వాత హైదరాబాద్ వెళ్లాలనుకుంటే సంతోషం. కృష్ణానగర్‌లో రూము తీసుకోవడానికి మాత్రం కాదు. సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఆ విభాగం ఉంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అయితే మూడేళ్లు పూర్తిగా నాటకమే, చదువుకునేవాళ్లకు స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. అక్కడ డిగ్రీతో పాటు నాటకాల్లో నటించినట్టు ఆధారాలు చూపించమంటారు. కాబట్టి పరిషత్తు సర్టిఫికెట్లు, కరపత్రాలు, ఫొటోలు ఒక ఫైల్లో పెట్టమనండి. వయోపరిమితి ఉంటుంది, ఈ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. సీట్లు తక్కువ, మొదటిసారే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. రాకపోతే టీచరుగా చేరి, సాయంత్రాలు నాటకం ఆడుకుంటూ మళ్లీ రాయొచ్చు.

ఒక హెచ్చరిక. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు మూడు నెలల యాక్టింగ్ కోర్సుకీ, పోర్ట్‌ఫోలియో ఫొటోలకీ కలిపి వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టించాడు. కోర్సు చివర్లో "మీ అబ్బాయికి ఫలానా సినిమాలో వేషం ఖాయం" అని ఇంకో యాభై వేలు అడిగారు. వేషం ఇస్తామని డబ్బులడిగితే అక్కడితో లేచి వచ్చెయ్యాలి. నిజంగా వేషం ఇచ్చేవాళ్లు మీకు డబ్బులిస్తారు గానీ, మీ దగ్గర పుచ్చుకోరు.

మీ అబ్బాయికి నా తరఫున ఒక పని చెప్పండి. పైన చెప్పిన 1993, 1995 సినిమాలు రెండూ వరసగా చూసి, రెండింటిలోనూ పీట్ చేతులు ఏం చేస్తున్నాయో ఒక పేజీ రాయమనండి. డైలాగులు, కథ వద్దు, చేతులు మాత్రమే. పేజీ నిండితే ఆ కుర్రాడి కళ్లు సరైన చోట ఉన్నట్టే. "సూపర్‌గా చేశాడు" అని రెండు లైన్లలో తేల్చేస్తే, ఇంకా ప్రేక్షకుడే.

పీట్ చివరికంటా మెరుపులు చూసుకుంటూ కూర్చోలేదు. 2008లో, 62 ఏళ్ల వయసులో, షేక్‌స్పియర్ నాటకంలో లియర్ రాజు వేషం వెయ్యడానికి మళ్లీ ఆ లివర్‌పూల్ ఎవ్రీమాన్‌కే వెళ్లాడు. 2010లో సినిమాలు మూడు విడుదలయ్యాయి. 2011 జనవరి 2న క్యాన్సర్‌తో పోయాడు.

మీవారి విషయానికొస్తే, వాదించి లాభం లేదు. ఒక ఆదివారం ఆ 'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్' సినిమా ఇద్దరినీ కలిపి చూడమనండి. తండ్రీ కొడుకులకు మొదటినుంచీ పడదు, తర్వాత ఇద్దర్నీ జైల్లో ఒకే సెల్లో పడేస్తారు. నిజంగా అలా ఒకే గదిలో ఉంచలేదు, అది సినిమా కోసం కల్పించింది. అయినా ఆ గదిలో కొడుకు తండ్రి మీద అరిచే సన్నివేశం దగ్గర మీవారు ఏమంటారో విని నాకు రాయండి. టీచింగ్ ప్రాక్టీస్ అయ్యాక మాత్రం ఉత్తరం మీ అబ్బాయినే రాయమనండి, ఆ చేతుల పేజీ కూడా జతచేసి.