మద్రాసు రాబోతున్న మేనకోడలికి

చిన్నీ,

గిండీలో ఉద్యోగం వచ్చిందని నాన్న ఫోన్ చేశాడు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కాని వాడి గొంతులో టెన్షన్ కూడా వినపడింది. "వీల్‌చైర్‌తో అంత పెద్ద ఊళ్ళో ఎలా తిరుగుతుందక్కా, రోజూ క్యాబ్ పెట్టేద్దాం" అన్నాడు. వద్దన్నాను. రానూ పోనూ క్యాబ్ అంటే జీతంలో పెద్ద ముక్క దానికే పోతుంది. పైగా క్యాబ్ రాని రోజున ఇంట్లో కూర్చోవడం అలవాటవుతుంది. నేను ఈ ఊరికి వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు కాళ్ళకి కట్టుకునే ఇనప కాలిపర్లతో, చంక కర్రలతో తిరిగాను, ఇప్పుడు నీలాగే కుర్చీలో తిరుగుతున్నాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక మాట పట్టుకో. ఇక్కడ మెట్రో బాగుంది, కొత్త బస్సులు బాగున్నాయి, రైలూ ఫరవాలేదు. మనల్ని ఆపేది ఆ బండ్లు కాదు, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్ళే ఆ పది గజాలు. ఫుట్‌పాత్ మీద నిలబెట్టిన బైకు, గేటుకి అడ్డంగా ఉన్న గడప, రోడ్డుకి అవతల ఉన్న లిఫ్టు. కాబట్టి దారి ఆలోచించేటప్పుడు ఆఫీసు కుర్చీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. ఆఫీసు గుమ్మం ముందు మెట్లున్నాయా? గిండీ స్టేషన్‌లో లిఫ్టు ఏ గేటు దగ్గర దిగుతుంది? అక్కడి నుంచి ఆఫీసుకి రోడ్డు దాటాలా? ఇవి తేలాకే ఇల్లు చూసుకోవాలి. అద్దె తక్కువని, వంట బాగుంటుందని హాస్టల్ ముందు కుదుర్చుకోకు.

నా మాట వింటే వాషర్‌మన్‌పేటలో మా ఇంటికి వచ్చెయ్. ఇక్కడి నుంచి గిండీకి మెట్రోలో బండి మారే పని లేదు, రెండూ బ్లూ లైన్‌లోనే ఉన్నాయి. 2015 జూన్ 29న కోయంబేడు నుంచి ఆలందూరుకి మొదటి మెట్రో నడిచింది. అప్పటిదాకా ఈ ఊళ్ళో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బండెక్కడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ప్లాట్‌ఫారమూ పెట్టె గడపా ఒకే ఎత్తులో ఉంటాయి, కుర్చీకి పెట్టెలో చోటుంటుంది. ముందు చక్రాలు చిన్నవి కదా, ఆ సన్నటి సందులో పడకుండా నేరుగా వెళ్ళు, వంకరగా వెళ్ళకు. నేల మీద పసుపు రంగు గీతల పలకలు కనిపిస్తాయి. అవి చూపు లేనివాళ్ళు కర్రతో, పాదంతో తడుముకుంటూ నడిచే దారి. వాటి మీద కుర్చీ ఆపకు, ఎవరైనా సామాను పెడితే తియ్యమని చెప్పు.

స్టేషన్‌కి గేట్లు చాలా ఉంటాయి గాని రోడ్డు నుంచి కిందికో పైకో తీసుకెళ్ళే లిఫ్టు అన్ని గేట్ల దగ్గరా ఉండదు. బయల్దేరే ముందే కనుక్కో. అడిగే మాట కూడా నేర్చుకో. తమిళంలో మనవాళ్ళని 'మాట్రుత్తిరనాళి' అంటారు, ప్రభుత్వం వాడేదీ అదే మాట. ఈ మాటతో మొదలుపెడితే ఎదుటివాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

ఒకసారి ఒక రైల్వే స్టేషన్‌లో లిఫ్టు పాడైంది. బోర్డు పెట్టలేదు, చెప్పేవాళ్ళు లేరు. నలుగురు కుర్రాళ్ళు పాపం మంచి మనసుతోనే కుర్చీతో సహా నన్ను పైకెత్తారు. ఒకతను చేతిపట్టె పట్టుకున్నాడు. అది ఊడి వచ్చేసింది, నేను మెట్ల మీద పడ్డాను. మణికట్టు నాలుగు వారాలు కట్టులో ఉంది. ఆ రోజు తప్పు నాది కూడా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఎక్కడ పట్టుకోవాలో నేను చెప్పలేదు, మొహమాటపడ్డాను. నువ్వు పడకు. ఊడి వచ్చే భాగాలేవో నీకే తెలుసు. కదలని ఇనప చట్రం మీద చెయ్యి వేసి చూపించి "ఇంగ పిడింగ, మెదువా" అను, ఇక్కడ పట్టుకోండి, మెల్లగా అని. నువ్వు సరే అనేదాకా ఎవరినీ ఎత్తనివ్వకు. అవసరం లేకపోతే వద్దని చెప్పు, తప్పేం లేదు.

ఇక బస్సు. పాత బస్సుల్లో నేల రోడ్డు నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేది. నేను కర్రలు ముందు లోపలికి విసిరి, కడ్డీ పట్టుకుని ఒళ్ళు లాక్కునేదాన్ని. ఈ లోపలే విజిల్ పడేది. మనలాంటి వాళ్ళు కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాక 2024 ఆగస్టులో నేల కిందికి ఉండే లోఫ్లోర్ బస్సులు మళ్ళీ రోడ్డెక్కాయి. 2025 జూన్ చివర్లో 120 ఎలక్ట్రిక్ లోఫ్లోర్ బస్సులు వచ్చాయి. వీటి నేల ఎత్తు 40 సెంటీమీటర్లే. ఆగినప్పుడు మన వైపు కొంచెం వంగుతుంది, మధ్య తలుపు దగ్గర మడిచిన ర్యాంపుని కండక్టర్ తెరుస్తాడు.

ఇక్కడే ఒక లెక్క ఉంది. ఫుట్‌పాత్ 15 సెంటీమీటర్లు ఎత్తుంటే నువ్వు ఎక్కాల్సింది 25 సెంటీమీటర్లే. డ్రైవర్ రోడ్డు మధ్యలో ఆపితే ర్యాంపు రోడ్డు మీదే పడుతుంది, మొత్తం 40 ఎక్కాలి. ఆ ర్యాంపు నిచ్చెనలా నిటారుగా ఉంటుంది. అందుకే బస్సు దూరంగా ఉండగానే ముందుకొచ్చి చెయ్యి ఊపు, ఫుట్‌పాత్ పక్కకి తెమ్మని సైగ చెయ్. ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి తిరిగి, వెనక ఒక మనిషిని ఉంచుకుని దిగు. లోపల బ్రేకులు వేసి, బెల్టు పెట్టించుకో. 'చెన్నై వన్' యాప్‌లో బస్సు ఎక్కడుందో కనపడుతుంది, ఫోన్‌లో వేసుకో. ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకి 2021 నుంచి టికెట్ డబ్బులు లేవు. అన్ని బస్సులూ అంతే అనుకోకుండా ఎక్కే ముందు అడుగు.

ఇంటికి, సూళ్ళూరుపేటకి వెళ్ళొచ్చే లోకల్ రైలు సంగతి జాగ్రత్త. దివ్యాంగుల పెట్టె వేరే ఉంటుంది, పక్కన వీల్‌చైర్ బొమ్మ వేసి ఉంటుంది. కాని ప్లాట్‌ఫారం 76 నుంచి 84 సెంటీమీటర్లు, పెట్టె గడప అంతకంటే అడుగు పైనే ఎత్తు. ఒక్కదానివే ఎక్కలేవు, దిగలేవు. కొన్నాళ్ళు నాన్నని తోడు రానివ్వు. దూరపు రైళ్ళలో తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని మనబోటి వాళ్ళకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చే ఒకరికీ అంతే. దానికి రైల్వేవాళ్ళిచ్చే ఫోటో కార్డు తీసుకో. దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ, దానివి కూడా రెండు జిరాక్సులు బ్యాగులో ఉంచు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రయాణ సదుపాయం మన హక్కు. ర్యాంపు తియ్యమంటే ఎవరైనా విసుక్కుంటే బస్సు నంబరు, టైము రాసుకుని ఫిర్యాదు పెట్టు. నేను ప్రతిసారీ పెడతాను.

ఉద్యోగంలో చేరడానికి ముందు ఆదివారమే వచ్చెయ్. రద్దీ ఉండదు, ఇద్దరం రెండు కుర్చీల్లో గిండీదాకా వెళ్ళి వద్దాం. సాయంత్రం మెరీనాకి పోదాం. 2022 నవంబరులో అక్కడ కుర్చీల కోసం చెక్క బాట వేశారు, ఆ డిసెంబరు తుపానుకి దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు. ఇన్నేళ్ళు ఇసక ఇవతల నుంచి చూసిన సముద్రాన్ని నేను దగ్గరగా చూసింది దాని మీద వెళ్ళే. నీకూ చూపించాలి. వచ్చేటప్పుడు టైర్లలో గాలి చూసుకుని రా.

మీ అత్త