వోచరు లేని పద్దులు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రూప్-2లో రెండోసారి కూడా కొద్ది మార్కుల తేడాతో తప్పిపోయినప్పటి నుంచి, అశోక్‌నగర్ హాస్టల్ గదిలో లైటు తీయగానే ‘నా వల్ల ఏదీ కాదు’ అన్న మాట మొదలై తెల్లవారుజాము దాకా విడవడం లేదనీ, తరిమేకొద్దీ మరింత ముసురుకుంటోందనీ రాశావు. అది నీ బలహీనత కాదమ్మా, మనసు తీరే అంత. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి చూస్తే, వారికి అదే పదేపదే గుర్తుకు వచ్చిందట. కనుక ముందు ఆ తరమడం మానెయ్యి.

ముప్పై ఏళ్లు లెక్కలు చూసినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన భాషలోనే చెబుతాను. ఎవరైనా పద్దు రాసి తెస్తే మేము దాన్ని చింపెయ్యం, అలాగని నేరుగా ఆవర్జాలోకీ, అంటే లెడ్జరులోకీ, ఎక్కించం; వోచరు, అంటే ఆ పద్దుకు రుజువుగా ఉండే కాగితం, అడుగుతాం. నీ మనసు రాత్రిపూట రాసే పద్దులకు వోచరు అడిగేవారు లేకనే అవి నిజాలుగా చలామణి అవుతున్నాయి.

నాకూ ఇది జరిగింది. నలభయ్యో ఏట, ఆడిట్‌లో నా లెక్కలో తేడా కనిపించింది. అది కూడికలో పొరపాటని వారంలోనే తేలినా, ‘అందరూ నన్ను దొంగ అనుకుంటున్నారు’ అన్న తలపు ఏడాదిపాటు నన్ను పీడించింది. ఒకరోజు మీ పెద్దమ్మ, ‘అలా అన్నవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి’ అని అడిగితే చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే ఒక నోటు పుస్తకం తీసి, అలాంటి తలపులను రాసి ఒక్కొక్కదానికి వోచరు అడగడం మొదలుపెట్టాను. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు, కుంగుబాటుతో వచ్చినవారి తలపులను ఇలా పరీక్షకు పెట్టడాన్నే చికిత్సగా మలిచాడని చాలా ఏళ్ల తరువాత చదివాను.

పేజీలో మూడు గడులు గీసుకో. మొదటి దానిలో జరిగింది, రెండో దానిలో మనసు అన్నది, మూడో దానిలో వోచరు. ‘స్నేహితురాలు ఫోను ఎత్తలేదు, నేనంటే విసుగు పుట్టింది, వోచరు లేదు.’ ఇటువంటివి తేలికగానే కొట్టివేయవచ్చు. అయితే కొన్నింటికి వోచరు ఉంటుంది, అక్కడే జాగ్రత్త అవసరం. నువ్వు రెండుసార్లు తప్పిన మాట నిజమే, దాన్ని దాచి మనసుకు తీపి మాటలు చెప్పమని నేను అనను. కానీ ఆ వోచరు మీద ఉన్న మొత్తం ‘రెండు పరీక్షలు’ మాత్రమే. ‘ఏదీ కాదు’ అన్నది మనసు పక్కన చేర్చిన సున్నాలు. వోచరులో ఎంత ఉందో అంతే ఎక్కించు.

ఇది పడుకున్నాక చేసే పని కాదు. సాయంత్రం ఆరింటికి పావుగంట కూర్చో. రాత్రి ఆ తలపు వస్తే ‘రేపు ఆరింటికి చూద్దాం’ అని దానికి గడువు పెట్టు. తెల్లవారాక ఇందిరా పార్కులో అరగంట నడిచి రా.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, బతకడం ఎందుకన్న తలపు ఒక్కసారి వచ్చినా, పుస్తకం చాలదు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. నాకు కూడా చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. మొదటి పది పేజీలకు గడులు నేనే గీశాను.

ఇట్లు,
మీ పెదనాన్న