క్రిస్మస్ క్రీమ్ ముందు రోజే చేయవచ్చు, ఫ్రిజ్ మీది కాకపోతే

పండగనాడు పుడ్డింగ్ మీద వేసే క్రీమ్‌ను ముందు రోజే గిలకొట్టి పెడితే నిలుస్తుందా అని అడిగారు. నిక్షేపంగా నిలుస్తుంది. దాన్ని నిలవనిచ్చే ఇల్లు ఉండాలి, అంతే.

మాది విశాఖలో పెదవాల్తేరు. మూడేళ్ళ క్రితం క్రిస్మస్‌కు ఇరవై మంది భోజనానికి వస్తున్నారని 24 సాయంత్రమే అర లీటరు క్రీమ్ గిలకొట్టేశాను. గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టాను. బీటర్ పైకి తీస్తే కొన వంగకుండా నిలబడింది. గిన్నె తలకిందులు చేసి మరీ మా వారికి చూపించాను, చుక్క రాలలేదు. పైన ఒక పళ్ళెం మూత పెట్టి, నడి అరలో సర్ది, రాత్రి ఆరాధనకు చర్చికి వెళ్ళిపోయాను.

నేను అటు వెళ్ళగానే మా అత్తగారు మరునాటి వేపుడుకని కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన వంజరం ముక్కల బేసిన్‌ను తెచ్చి సరిగ్గా దాని పక్కన పెట్టారు. మూత లేకుండా. కింద అరలో మటన్, తలుపు నిండా కూల్‌డ్రింకు సీసాలు. ఇక మా ఆడపడుచు పిల్లలు ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, ఆ వెలుగులో నిలబడి ఏం కావాలో ఆలోచించుకునే రకం. కరెంటు బిల్లు సంగతి అలా ఉంచండి, పండగనాటి ఫ్రిజ్ అంటే బస్సు తలుపే. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు.

పొద్దున మూత తీసి చూస్తే క్రీమ్ కుంగిపోయి ఉంది. అడుగున వేలి మందాన నీరు. దానికి భయపడలేదు. ఆ నీరు వంచేసి నాలుగు తిప్పులు తిప్పితే మళ్ళీ సర్దుకుంది. మీకూ అలా జరిగితే అదే చేయండి, అయిదో తిప్పు వద్దు. అతిగా తిప్పితే అది వెన్న దారి పడుతుంది. కానీ వాసనను వంచేయడం ఎలాగ? మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, "అమ్మాయ్, ఇందులో చేప ఏమైనా పడిందా?" అన్నది ఎవరనుకున్నారు? బేసిన్ పెట్టిన ఆవిడే.

కొవ్వు గుణమే అది, పక్కవాడి వాసన లాగేసుకుంటుంది. ఫ్రాన్స్‌లో పూర్వం కొవ్వు పూసిన గాజు పలకల మీద మల్లెలు పరిచి పరిమళం పట్టేవారు. నా కొవ్వుకు దొరికింది వంజరం. నీరు ఊరడానికి కారణం వేరు. చల్లదనానికి గట్టిపడిన కొవ్వు రేణువులే లోపలి గాలిని పట్టి ఉంచుతాయి. తలుపు తీసినప్పుడల్లా అవి కాస్త మెత్తబడతాయి, పట్టు సడలుతుంది. అందుకే నేను గట్టిగా చెబుతాను: క్రీమ్‌ను చెడగొట్టేది సమయం కాదు, చుట్టాలు.

చలిదేశాల వంటవాళ్ళు 'వడ్డించే ముందు కాసేపు బయట ఉంచండి' అని రాస్తారు. సముద్రపు గాలికి డబ్బాలోని అప్పడాలే మెత్తబడే ఊళ్ళో ఆ మాట నమ్మకండి. 25 శాతం కొవ్వు ఉండే మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్టు కొని, నిలబడలేదని నన్ను తిట్టకండి కూడా. కనీసం 30 శాతం ఉన్నది తీసుకోండి. బేకరీ కేకుల మీద మూడు రోజులైనా చలించనిది చాలాచోట్ల నూనె క్రీమ్, పాల కొవ్వుతో దానికి చుట్టరికం లేదు. నాలుకకు అంటుకుని వదలదు. నేను దాని జోలికి పోను.

ఇప్పుడు నా క్రీమ్ మా పై వాటా వాళ్ళ ఫ్రిజ్‌లో ఉంటుంది. వాళ్ళు పూర్తి శాకాహారులు. లోపల పెరుగు, కొత్తిమీర, దోసెల పిండి తప్ప ఏమీ ఉండవు. పిండి పులిసినా వాసన పట్టకుండా గిన్నెకు బిగుతు మూత పెడతాను. క్రీమ్ నిలవడానికి చాలామంది జెలటిన్ కలుపుతారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, వాళ్ళింట్లో పెట్టే గిన్నెలో కలపడం మర్యాద కాదు. అందుకని కప్పు క్రీమ్‌లో పావు కప్పు వేరే తీసి, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, రెండు టేబుల్ స్పూన్ల పంచదార పొడి కలిపి, చిక్కబడేదాకా సన్న సెగ మీద కలుపుతాను. పూర్తిగా చల్లారాక, మిగతా క్రీమ్‌ను గిలకొడుతూ అది కొద్దికొద్దిగా చేరుస్తాను. మర్నాటి మధ్యాహ్నానికి కూడా గిన్నె అడుగున నీటి జాడ ఉండదు.

ఫ్రిజ్ అద్దె కింద, గుడ్డు పడే కేకు ముక్కలు లేకుండా కస్టర్డ్, పండ్లు, క్రీమ్ ఒక గిన్నెడు పైకి పంపుతాను. మా అత్తగారికి మాత్రం క్రీమ్ ఎక్కడ ఉంటుందో ఇప్పటికీ చెప్పలేదు.