6061 వెల్డ్‌లో గ్రెయిన్లు అంత సన్నగా వచ్చినా బలం ఎందుకు తగ్గింది?

నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది తమ్మీ, నీ మీద కాదు, మా ఎంటెక్ ప్రాజెక్ట్ గుర్తొచ్చి. 6 ఎంఎం 6061-టీ6 (వేడితో గట్టిపరచిన అల్యూమినియం అల్లాయ్) ప్లేట్లకు ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగ్ (తిరిగే టూల్ రాపిడి వేడితో అతికించడం) చేశావు, నగ్గెట్‌లో, అంటే టూల్ పిన్ను కలియబెట్టిన నడిమి భాగంలో, గ్రెయిన్లు (లోహంలోని స్ఫటికాలు) అయిదారు మైక్రాన్లకు దిగాయి, మరి టెన్సైల్‌లో (లాగి తెంపే పరీక్ష) 200 ఎంపీఏ దగ్గరే, అదీ నగ్గెట్ బయట ఎందుకు తెగుతోంది అని కదా అడిగావు. మాకూ అచ్చం ఇదే అయింది. వరంగల్‌లో ఇంజినీరింగ్ కాలేజీ, పాత వర్టికల్ మిల్లింగ్ మెషీన్, హెచ్13 స్టీల్ టూల్, 1000 ఆర్‌పీఎం, నిమిషానికి 60 ఎంఎం. ప్లేట్‌కు 310 ఎంపీఏ వస్తే వెల్డ్‌కు 205.

అసలు సంగతి ముందే చెప్తా. 6061-టీ6 బలంలో గ్రెయిన్ సైజు వాటా కొంచెమే. మెగ్నీషియం, సిలికాన్ కలిసి లోపల సూదుల్లాంటి సన్నని ప్రెసిపిటేట్లు (అతి చిన్న రేణువులు) ఏర్పడతాయి, డిస్‌లొకేషన్లు (స్ఫటికాల్లోని లోపాలు, ఇవి కదిలితేనే లోహం సాగుతుంది) కదలకుండా అడ్డంపడేవి ముఖ్యంగా అవే. అవి ఆప్టికల్ మైక్రోస్కోప్‌కు అందవు, టీఈఎంలో (ఒక రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడాల్సిందే. మేమేమో ఆర్‌పీఎం మార్చుకుంటూ గ్రెయిన్లు ఇంకా సన్నం చేయాలని రెండు నెలలు పాలిషింగ్ వీల్ దగ్గరే గడిపాం.

1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో ఈ పద్ధతి పుట్టినప్పటి నుంచి అందరూ దీని గురించి చెప్పే మొదటి మాట ‘లోహం కరగదు’ అని. నిజమే, కానీ కరగలేదు కాబట్టి వేడి తగల్లేదని మనం లోలోపల అనుకుంటాం, దెబ్బ అక్కడే. నగ్గెట్‌లో సుమారు 450 నుంచి 500 డిగ్రీలు ఉంటుంది. జొన్నపిండిలో సలసల కాగే నీళ్లు పోసి పిసికినట్టు టూల్ పిన్ను ఆ మెత్తబడ్డ లోహాన్ని పిసుకుతుంది, గ్రెయిన్లు కొత్తగా, చిన్నగా పుట్టేది అందుకే. అదే వేడికి పాత ప్రెసిపిటేట్లు చాలావరకు అల్యూమినియంలో కలిసిపోతాయి. దాని పక్కన, వేడీ పిసుకుడూ రెండూ కొంత తగిలే టీఎంఏజెడ్‌లో గ్రెయిన్లు వంగి సాగుతాయి. ఇంకా పక్కన, వేడి మాత్రమే తగిలే హాజ్ ఉంది చూడు, అసలు దొంగ అది. అక్కడ పిసుకుడు లేదు, గ్రెయిన్లు ప్లేట్‌లో ఉన్నట్టే కనిపిస్తాయి, ఫొటోలో ఏ తేడా పట్టుకోలేవు, కానీ 350–400 డిగ్రీల వేడికి ప్రెసిపిటేట్లు లావెక్కి దూరందూరం అయిపోతాయి. కలిసిపోతే మళ్లీ ఏజింగ్‌తో (ఓ మోస్తరు వేడిలో గంటలకొద్దీ ఉంచడం) తెచ్చుకోవచ్చు, లావెక్కితే అంత సులువుగా రావు.

ఇది మాకు తెలిసింది మైక్రోస్కోప్‌తో కాదు, విక్కర్స్ హార్డ్‌నెస్‌తో (వజ్రపు మొనతో నొక్కి గట్టిదనం కొలవడం). వెల్డ్‌కు అడ్డంగా ఒక్కో ఎంఎంకు ఒక్కో పోటు పెట్టుకుంటూ పోతే గ్రాఫ్ ఇంగ్లిష్ డబ్ల్యూ ఆకారంలో వచ్చింది: ప్లేట్‌లో 105, నగ్గెట్‌లో 75–80, రెండు పక్కలా హాజ్‌లో 65. తెగిన ముక్కను గ్రాఫ్ పక్కన పెడితే సరిగ్గా ఆ 65 దగ్గరే, మావి ఎక్కువగా రిట్రీటింగ్ వైపు (టూల్ తిరుగుడు దాని నడకకు ఎదురుగా ఉండే పక్క). నువ్వు కూడా ఇవాళే ఆ లైన్ తీయి, ఇంకే పని చేయకు.

ఒక చిన్న విషయం. వెల్డ్ చేసిన తేదీ, హార్డ్‌నెస్ తీసిన తేదీ రెండూ రాసిపెట్టుకో. బతుకమ్మ సెలవుల ముందు ఒకసారి తీశాం, దసరా అయ్యాక అదే ముక్క మీద తీస్తే నగ్గెట్ అంకెలు పెరిగాయి. ఎవరో తప్పు చేశారని మేం ముగ్గురం కొట్టుకున్నంత పని అయింది. తీరా చూస్తే అది నేచురల్ ఏజింగ్, కలిసిపోయిన మెగ్నీషియం, సిలికాన్ గది వేడికే నెమ్మదిగా మళ్లీ గుంపులు కడతాయి. హాజ్ మాత్రం అంతే ఉంది, తెగేచోటూ మారలేదు.

ఇక ఏం చేయాలి అంటావా. నడక వేగం పెంచితే హాజ్ వేడిలో ఉండే టైమ్ తగ్గుతుంది, బలం కొంత పెరుగుతుంది, కానీ అతిగా పెంచితే లోహం సరిగ్గా కలవక అడుగున టన్నెల్ (లోపల పొడవాటి ఖాళీ) పడుతుంది, మాకు పడింది. వెల్డయ్యాక 160 డిగ్రీల్లో 18 గంటలు ఏజింగ్ చేస్తే నగ్గెట్ బాగా కోలుకుంటుంది, హాజ్ పెద్దగా కాదు. నీ చేతిలో ఉంటే టీ4 (ఫర్నేస్‌లో ఏజింగ్ ఇంకా చేయని) ప్లేట్ కొని, వెల్డ్ చేసి, ఆ తర్వాత ఏజింగ్ చెయ్, నా లెక్కలో అన్నిటికన్నా మంచి దారి అదే. మొత్తం ముక్కను 530 డిగ్రీల సొల్యూషన్ ట్రీట్‌మెంట్‌కు (ప్రెసిపిటేట్లన్నీ కలిసిపోయేలా వేడిచేయడం) పెట్టి, మళ్లీ ఏజింగ్ చేస్తే బలం తిరిగొస్తుంది గానీ నువ్వు మురిసిపోతున్న ఆ సన్న గ్రెయిన్లు ఒక్కసారిగా ఎంఎం సైజుకు ఉబ్బే ప్రమాదం ఉంది. ఎలాగూ గ్రెయిన్ సైజే బలం అని చూపించాలంటే 5083 లాంటి, వేడితో గట్టిపడని అల్లాయ్ తీసుకోవాల్సింది. 5083-ఓ (వేడిచేసి మెత్తబరిచిన) ప్లేట్‌లో వెల్డ్ దాదాపు ప్లేట్ అంత బలం ఇస్తుంది, ఎందుకంటే అక్కడ పోగొట్టుకోవడానికి ప్రెసిపిటేట్లు లేవు.

ఇవన్నీ నీ ముక్క నిజంగా హాజ్‌లోనే తెగితేనే. నడుం సన్నబడి 45 డిగ్రీల వాలులో తెగితే హాజ్. అడుగు నుంచి నిటారుగా చీలితే అది రూట్ లోపం, దానికి మెటలర్జీ చదవక్కర్లేదు. మాకు ఒక బ్యాచ్ మొత్తం 140 దగ్గర పోయింది. కాజీపేటలో రైలెక్కి బాలానగర్ వెళ్లి వైర్‌కట్ చేయించుకొచ్చిన ముక్కలు అవి, ఖర్చు చేతి డబ్బు. 6 ఎంఎం అని అమ్మిన ప్లేట్‌కు వెర్నియర్ పెడితే 6.3 ఉంది, మా పిన్ను 5.7. అడుగున అతుకే పడలేదు. వెల్డ్‌కు ముందు ఎవరం కొలవలేదు.

రూట్ బెండ్ (వెల్డ్ అడుగు వైపు సాగేలా వంచే పరీక్ష) ఒకటి చేసి ఫొటో పెట్టు, ప్లేట్ మందం, పిన్ను పొడవు కూడా కొలిచి రాయి.